అట్టపెట్టెలో దుమ్ము కాగితాలు

ఆ రిపోర్టు మూడో పేజీలో కృతజ్ఞతలు ఉంటాయి. వైస్ ఛాన్సలర్ గారికి, నిధులిచ్చినవారికి, గని యాజమాన్యానికి, జిల్లా అధికారులకు, జీపు డ్రైవరుకు, చివరికి మధ్యాహ్నం భోజనాలు పంపిన మెస్సుకు కూడా చెప్పారు. ఆ రిపోర్టులో దుమ్ము గురించి ఉన్న ప్రతి అంకె నా చేతి మీదుగా వెళ్లింది. నా పేరు మాత్రం లేదు. "ఇతర సిబ్బంది" అన్న ముక్క కూడా లేదు.

నేను రిటైరై ఆరేళ్లయింది. తార్నాకలో ఒక ఇంటి పైవాటాలో ఒక్కణ్నే ఉంటున్నాను. ఈ మూడో పేజీ సంగతి నేను చెప్పని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. పాలబూత్ అతనికి చెప్పాను, కింది వాటావాళ్లకు చెప్పాను, బస్‌స్టాపులో పరిచయమైన పెద్దాయనకు మూడుసార్లు చెప్పాను. ఇప్పుడు వాళ్లు నన్ను దూరం నుంచి చూడగానే ఫోన్ చెవికి పెట్టుకుంటారు. అది ఉత్త ఫోనని నాకు తెలుసు. ఎవరెవరు అలా చేస్తారో కూడా గుర్తుంది.

ఇన్నాళ్లూ ఈ కథను మూడో పేజీ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేవాణ్ని. పోయిన నెలలో ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి వెళ్లింది. ఆ తర్వాత, మిగతాది కూడా రాయాలనిపించింది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా చదివితే వాళ్లకు పనికొస్తుంది.

నా ఉద్యోగం యూనివర్సిటీలో టెక్నికల్ అసిస్టెంటు. చేసే పని చెప్పడానికి రెండు మాటలు చాలు. తెల్లటి వడపోత కాగితాన్ని తూచి ఇస్తాను. అది ఊరికి వెళ్లి, గాలిని పీల్చే యంత్రం నెత్తిన ఎనిమిది గంటలు ఉండి, దుమ్ము పట్టి తిరిగొస్తే మళ్లీ తూస్తాను. రెండు తూకాల తేడాయే ఆ రోజు ఆ గాలిలో ఉన్న దుమ్ము. తూకం గది మొదటి అంతస్తు చివర ఉండేది. గాలి తగిలితే త్రాసు ముల్లు కదులుతుంది కాబట్టి ఫ్యాను వేయకూడదు, కిటికీ తెరవకూడదు, పక్కన ఎవరూ నిలబడి మాట్లాడకూడదు. తూచే క్షణంలో నేనే ఊపిరి బిగబట్టేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లు ఆ గదిలో గడిపాను. నాకు మనుషులు గిట్టరని డిపార్ట్‌మెంటులో అనుకునేవారు. ఆ గది తలుపు మీద "లోపలికి రావద్దు" అని రాసింది నేను కాదు, నాకు ముందున్న ఆయన.

గోడ మీద ఉన్న నియమం మాత్రం నాదే. "చిరిగినది, తడిసినది, ఆరు గంటలకన్నా తక్కువ నడిచినది చెల్లదు." ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి అంటించాను. దానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బయటి నుంచి వచ్చిన ఒక నిపుణుడు, అంచు చిరిగిన కాగితం ఒకటి పైకెత్తి అందరికీ చూపించాడు. అప్పటి హెడ్ నవ్వుతూ "అది మా టెక్నీషియన్ నిర్వాకం లెండి" అన్నాడు. చిరిగింది జీపులో. అయినా ఆయన నా వైపే వేలు చూపించాడు. ఆయన వేసుకున్న చొక్కా గళ్లు కూడా ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజు నుంచి, నియమం ప్రకారం లేని కాగితాన్ని నేను లెక్కలోకి రానివ్వలేదు. కానీ దేన్నీ పారేయలేదు. చెల్లని కాగితాలన్నిటినీ బటర్‌పేపర్ కవర్లలో పెట్టి, తేదీ రాసి, స్టీలు బీరువాలో దాచేవాణ్ని. రేపు ఎవరైనా "ఆ కాగితం ఏమైంది?" అని అడిగితే మొహాన కొట్టినట్టు చూపించాలి కదా.

గని పని వచ్చేసరికి నా సర్వీసు ఇంకా రెండేళ్లుంది. మూడు నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. దాని పక్కనే ఒక వాడ. గనిలోంచి లారీలు వెళ్లే మట్టిరోడ్డు ఆ వాడ ఇళ్ల గడపలను రాసుకుంటూ పోతుంది. వాడలో చాలామందికి దగ్గు, ఆయాసం. ఆయాసాన్ని వాళ్లు దమ్ము అంటారు. గనిని పెంచబోతున్నారు. ఆ రోడ్డును గుట్ట అవతలి నుంచి తిప్పమని వాడవాళ్లు అడుగుతున్నారు. ఆయాసానికి కారణం దుమ్మే అని మా రిపోర్టు చెబితే రోడ్డు జరుగుతుంది, చెప్పకపోతే జరగదు. అందరూ అంత స్పష్టంగానే మాట్లాడుకున్నారు.

ఊపిరితిత్తుల పరీక్షలు చేయడానికి ఒక రీసెర్చ్ స్కాలర్ చేరింది. మెదక్ వైపు రైతుల ఇంటి అమ్మాయి. చేరిన మొదటి రోజే నా మనసులో పడిపోయింది, మంచి అర్థంలో కాదు. భుజాన సంచి, చేతిలో ఫ్లాస్కుతో తూకం గది బయట నిలబడి "అన్నా, చాయ్ ఏడ దొరుకుతది గీడ?" అంటూ ఫ్లాస్కు నా ముందుకు చాచింది. నేను ఆమె తండ్రి వయసువాణ్ని. మెడలో ఐడీ కార్డు ఉంది. నన్ను అటెండరు అనుకుంది. నేనేం మాట్లాడలేదు. ఫ్లాస్కు అందుకుని క్యాంటీన్ దాకా ఎండలో నడిచి వెళ్లి, నిండుగా చాయ్ పోయించుకుని వచ్చి ఆమె చేతికిచ్చాను. అవమానం జరిగినప్పుడు అది పూర్తిగా జరగాలి, సగంలో వదిలేస్తే రేపు ఎవరికైనా చెప్పుకోవడానికి బలం ఉండదు. అప్పట్లో అలా ఆలోచించేవాణ్ని.

యంత్రం బిగించడానికి నేనే ఆ వాడకు వెళ్లాను. రోడ్డు పక్క ఒక మిద్దె మీద చోటు దొరికింది. ఆ ఇంట్లో ఒకావిడ ఒంటరిగా ఉండేది. యాభై దాటి ఉంటాయి. నాలుగు మెట్లు ఎక్కితే నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగేది. నేను వెళ్లేసరికి కుర్చీ తుడిచి వేసింది. "యూనివర్సిటీ సారు" అంటూ పక్కింటివాళ్లను పిలిచి చూపించింది. గ్యాస్ పొయ్యి మీద వేడివేడిగా జొన్నరొట్టె కాల్చి, పచ్చిపులుసు పోసి పెట్టింది. నా సర్వీసులో ఎవరైనా నా కోసం కుర్చీ తుడవడం అదే మొదటిసారి.

కాగితం ఎలా మార్చాలో నేర్పాను. ఒక్కసారి చూపిస్తే పట్టేసింది. చేతులు కడిగి, కొంగుతో కాకుండా గాలికి ఆరబెట్టుకుని, అంచులు మాత్రమే పట్టుకునేది. ఉదయం ఎనిమిదికి స్విచ్ వేయాలి, సాయంత్రం నాలుగుకు తీయాలి, ఆ టైములు రాయాలి. గోడకున్న క్యాలెండర్ మీద రాస్తానంది. నా నంబరు ఇచ్చాను. "ఏదన్నా అయితే చెయ్యమ్మా."

పది రోజుల్లోనే మొదటి ఫోన్ వచ్చింది.

"సార్, మిషన్ బందయింది."

"ఎన్ని గంటలు నడిచిందమ్మా?"

"ఎనిమిదికి ఏస్తి. పన్నెండింటికి బందు."

"కరెంటు పోయిందా?"

"కరెంటు ఉన్నది సార్. లైటు గూడ ఎలుగుతున్నది. కాయితం నల్లగయింది, మిషన్ మూలిగి మూలిగి ఆగింది."

"నాలుగు గంటలే కదా. చెల్లదమ్మా. కవర్‌లో పెట్టి పంపు, రేపు కొత్తది వెయ్యి."

కవర్ వచ్చింది. పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా "యంత్ర లోపం, రద్దు" అని రాశాను. తర్వాత వారంలో మరోటి. ఆ తర్వాత వారంలో రెండు. ప్రతిసారీ ఆవిడ ఫోన్ చేసేది, నేను గంటలు అడిగేవాణ్ని, చెల్లదు అనేవాణ్ని. ఒకసారి ఆవిడ అంది:

"గట్లెట్ల సార్? లారీలు ఆగకుండ తిరిగిన రోజే బందయితున్నది. దుమ్ము లేసిన రోజు చెల్లదంటిరి, లేవని రోజు చెల్లుతదంటిరి. మరి మీరు దేన్ని తూస్తున్నరు?"

"రూల్ అట్లా ఉందమ్మా" అని పెట్టేశాను. కొంచెం కోపం కూడా వచ్చింది. చదువుకోని మనిషి నాకు పని నేర్పుతోందనిపించింది.

ఇదే మాట ఆ అమ్మాయి కూడా వచ్చి అడిగింది. ఈసారి తలుపు తట్టి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"సార్, నేను ఊపిరి పరీక్షలు జేస్తున్న. సగం మంది ఊదలేకపోతున్నరు. దుమ్ము లెక్కలేమో మామూలుగ ఉన్నయి. రద్దయినయి శాన ఉన్నయి సార్. గవి ఒక్కసారి తూచి చూద్దామా?"

నేను గోడ వైపు చూపించాను. చదవమన్నాను. బిగ్గరగా చదవమన్నాను. చదివింది.

"ఇంకేమన్నా ఉన్నదా?" అన్నాను.

"సార్, ప్లీజ్. నా థీసిస్ గురించి కాదు. గా మనుషులను రోజు చూస్తున్న." ఆమె కళ్లు తడిశాయి.

నేను త్రాసు వైపు తిరిగిపోయాను. ఆ క్షణంలో నాకు కనిపించింది ఫ్లాస్కు.

ఆమె హెడ్ దగ్గరకు వెళ్లింది. పాత హెడ్ ఎప్పుడో వెళ్లిపోయాడు, ఈయన గుంటూరు వైపు మనిషి, విద్యానగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. మర్యాదస్తుడు, గొడవలంటే భయం. ఆయన గది తలుపు ఓరగా ఉంది, నేను రిజిస్టర్ సంతకానికి వెళ్లి బయట నిలబడ్డాను.

"చూడమ్మా, రూల్ ఈజ్ రూల్. పైగా ఆయనతో పెట్టుకోవద్దండి. మీరు ఒక మాటంటే ఆయన పది పేజీలు కంప్లైంట్ రాస్తాడు. దాని మీద కమిటీ, దానికి నేను జవాబు. నాకు ఓపిక లేదమ్మా, వదిలేయండి."

అందులో నా గెలుపూ ఉంది, నాకు జరిగిన అవమానమూ ఉంది. రెండూ పట్టుకుని గదికి తిరిగొచ్చాను. ఆయన అన్నది అబద్ధం కాదు. కుర్చీ విరిగితే రాసేవాణ్ని, టూర్‌కి వెళ్లేటప్పుడు జీపులో వెనక కూర్చోబెడితే రాసేవాణ్ని. రామంతాపూర్‌లో ఉండే మా తమ్ముడు వాళ్ల అమ్మాయి పెళ్లిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టినందుకు, అతనికి కూడా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. ఆ తర్వాత మా మధ్య మాటలు లేవు.

రిపోర్టు చిత్తుప్రతి, పట్టికలు సరిచూడమని ఒక శనివారం నా బల్ల మీదకు వచ్చింది. పట్టికలు సరిచూశాను, ఒక్క తప్పు లేదు. తర్వాత ఎందుకో ముందు పేజీ తిప్పి సారాంశం చదివాను. వాడలో ఊపిరి తక్కువగా ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ గాలిలో దుమ్ము హద్దుల్లోనే ఉంది, కాబట్టి కారణం వంటపొయ్యి పొగ, బీడీలు కావచ్చు అని ఉంది.

వంటపొయ్యి పొగ. ఆ మాట దగ్గర ఆగిపోయాను. నేను తిన్న రొట్టె గుర్తొచ్చింది. గ్యాస్ పొయ్యి నీలం మంట గుర్తొచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. క్యాంపస్ రోడ్ల మీద చెట్ల కింద పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. బిల్డింగులో ఒక్క మనిషి లేడు. గాజు పెట్టె తెరిచి కాగితాలు ఒక్కొక్కటే తీశాను. శుక్రవారమే వాటిని బీరువాలోంచి తీసి, తేమ లాగే ఆ పెట్టెలో ఉంచాను. అంటే శుక్రవారానికే నాకు అనుమానం వచ్చిందన్నమాట, ఇది రాస్తుంటే ఇప్పుడు తడుతోంది.

మొదటి కాగితం తూచాను. ముల్లు ఆగిన చోటు చూసి, కాగితం దించి, త్రాసు సున్నా చేసి మళ్లీ తూచాను. నాలుగు గంటలు నడిచిన కాగితం మీద, ఎనిమిది గంటలు నడిచిన ఏ కాగితం మీదా లేనంత దుమ్ము ఉంది. రెండోది అంతే. మూడోది ఇంకా ఎక్కువ. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. యంత్రంలో లోపం లేదు. దుమ్ము ఎక్కువై కాగితం పూడుకుపోయి, గాలి ఆడక మోటారు వేడెక్కి ఆగిపోయింది. ఆయాసం వచ్చిన మనిషి ఆగినట్టే ఆగింది. మా లెక్కలో చెడ్డ రోజులు ఒక్కటి కూడా లేవు, అన్నిటినీ ఏరి బీరువాలో పెట్టింది నేను. ఇంతా చేసి, అలా జరుగుతుందని నాకు తెలియదా అంటే, అన్నేళ్లు ఈ పని చేసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆవిడ ఫోన్‌లో చెప్పనే చెప్పింది.

గురువారం మీటింగు. సెమినార్ హాల్లో నిధులిచ్చినవాళ్లు, గని వాళ్లు, వాడ నుంచి కొందరు వస్తారు. ఈలోగా హెడ్‌కు చెప్పొచ్చు, ఆ అమ్మాయికి చెప్పొచ్చు. చెప్పలేదు. హెడ్‌కు చెబితే గదిలోనే తొక్కిపెడతాడనుకున్నాను. అమ్మాయికి చెబితే పేరు ఆమెకు వస్తుందనుకున్నాను. అందరి ముందూ నేనే నిలబడి చెప్పాలి. మాటలు కూడా కూర్చుకున్నాను. అందులో "తప్పు నాది" అన్న మాట ఉంది. దాన్ని ఇంట్లో గోడ ముందు పలికి చూసుకున్నాను. కొంచెం కష్టమే అయింది.

గురువారం పదకొండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కవర్లన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుని హాల్లోకి వెళ్లాను. అది బిస్కెట్ల అట్టపెట్టె. కవర్లు నలగకుండా సరిగ్గా పట్టే పెట్టె అదొక్కటే దొరికింది. లోపల ప్రొజెక్టర్ వెలుగుతోంది, ఆ అమ్మాయి మా వైపు వీపు పెట్టి తెర మీద ఏదో చూపిస్తోంది. ముందు వరసలో కూర్చున్న ఒక అధికారి తల తిప్పి నన్ను, పెట్టెను చూశాడు.

"బిస్కెట్లా? ఆ టేబుల్ మీద పెట్టు బాబూ. టీ రానీ, ఒకేసారి ఇద్దువుగాని."

నేను హెడ్ వైపు చూశాను. ఆయన నన్ను చూశాడు. ఒక్క మాట అంటే సరిపోయేది, "ఆయన మా టెక్నికల్ అసిస్టెంటండి" అని. ఆయన చూపు తెర మీదకు తిప్పుకున్నాడు.

ఆ గదిలో గడిపిన ఏళ్లన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి, చొక్కా గళ్లతో సహా. వెనక్కి తిరిగాను. తలుపు పక్కన ఆఖరి వరసలో వాడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో మిద్దె ఇంటావిడ ఉంది. అంత దూరం వచ్చింది. నన్ను చూడగానే ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. ఆ హాల్లో నా కోసం లేచింది ఆవిడొక్కతే.

"సార్ వచ్చిండు" అంది పక్కావిడతో. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "మీరు మాట్లాడుతరా సార్?"

"నేను మాట్లాడేటోణ్ని కాదమ్మా. బిస్కెట్లు తెచ్చేటోణ్ని" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. పెట్టె వైపు చూసింది. నేను బయటికి వచ్చేశాను.

వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పైన వెంటిలేటర్‌లోంచి లోపలి మాటలు వినబడుతున్నాయి. పొయ్యి పొగ, బీడీల సంగతి వచ్చింది. కాసేపటికి ఆవిడ గొంతు.

"మా ఇంట్ల గ్యాస్ ఉన్నది సార్. బీడీ తాగెటాయన సచ్చిపోయి పదేండ్లాయె. మరి నాకెందుకు వచ్చినట్టు దమ్ము?"

ఎవరో నవ్వారు. ఎవరో "నోట్ చేసుకుంటాం అమ్మా, కూర్చోండి" అన్నారు. అప్పటికీ తలుపు తోసుకుని వెళ్లొచ్చు. పెట్టె నా చేతుల్లోనే ఉంది. నేను వెళ్లలేదు. ముందు వాళ్లు వచ్చి పిలవాలని నిలబడ్డాను. ఎవరు పిలుస్తారు? నేను అక్కడున్నట్టు ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం పిటిషన్ రాశాను. నాకు తెలిసిన పని అదే. ఏడు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో బిస్కెట్లు, రెండో పేజీలో హెడ్ మౌనం, మూడు, నాలుగు పేజీల్లో పాత సంఘటనలు వరసగా, ఐదో పేజీలో ఫ్లాస్కు. ఆరో పేజీ అడుగున కాగితాల తూకాలు, అవి చెల్లుతాయని, రిపోర్టు మార్చాలని రాశాను. "తప్పు నాది" అన్న మాట ఎక్కడా రాలేదు. శుక్రవారం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. వారం తర్వాత నా ఎదుటే హెడ్ మొదటి పేజీ చూసి, నిట్టూర్చి, మూలన "ఫైల్" అని రాసి పక్కన పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. "ఆరో పేజీ చూడండి" అనలేదు. చదవకపోవడం కూడా ఒక అవమానమే కదా, అదీ జమ చేసుకున్నాను.

పిల్లలూ, నేను మీకు చెప్పదలచుకున్న పని విషయం ఇంతే. అసలు సంగతి మొదటి పేజీ మొదటి వాక్యంలో రాయండి.

రిపోర్టు అచ్చయింది. రోడ్డు అక్కడే ఉండిపోయింది. యంత్రం దింపుకుని రావడానికి నన్ను వెళ్లమంటే ఒంట్లో బాగాలేదని డ్రైవర్‌ను పంపాను. అతను యంత్రంతో పాటు చుట్టిన క్యాలెండర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. "గామె ఇచ్చింది సార్, యూనివర్సిటీల పనికొస్తది గావచ్చు అన్నది." విప్పి చూస్తే ప్రతి రోజు గడిలో స్విచ్ వేసిన టైము, తీసిన టైము ఉన్నాయి. మధ్యలో ఆగిన రోజుల్లో "బందు" అని రాసి, కింద పెన్సిలుతో ఇంకో ముక్క ఉంది. "లారీలు బాగ తిరిగినయి." అలా రాయమని నేను ఆవిడకు చెప్పలేదు.

ఆ క్యాలెండర్ ఈ ఇంట్లో నా మంచం ఎదురు గోడకు ఉంది. పాత క్యాలెండర్ ఎందుకు తీయరని కింది వాటావాళ్లు ఒకసారి అడిగారు. నల్లకుంట మార్కెట్ నుంచి కొత్తది తెచ్చి కూడా ఇచ్చారు. దాన్ని వంటింట్లో పెట్టాను. ఆవిడ నంబరు ఫోన్‌లో అలాగే ఉంది. రిటైరయ్యాక ఏదో ఒక రోజు చేద్దామనుకునేవాణ్ని. చేసి ఏం చెప్పాలో తోచేది కాదు.

పోయిన నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"సార్, గా గని ఇంకా పెంచుతరట. మళ్ల సర్వే అంటున్నరు. పాత రిపోర్టు జూపించి, దుమ్ము లేదని అప్పుడే తేలింది కదా అంటున్నరు. మీకాడ గా రద్దయిన కాగితాలు ఉన్నయా, పారేసిన్రా?"

ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు కదా అనుకుని "చూడాలి" అన్నాను. పెట్టేసి, ఐదు నిమిషాల తర్వాత నేనే చేసి "ఉన్నాయి, రా" అన్నాను. రిటైరైన రోజే ఆ పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. మెట్రో దిగి, ఎండలో నడుచుకుంటూ, ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. మా ఇంటికి మనిషి వచ్చి ఎన్నాళ్లయిందో, రెండో కుర్చీ మీద ఉన్న పేపర్లు దింపడానికి నాకు కొంచెం సమయం పట్టింది. చాయ్ పెట్టాను. కావాలనే ఫ్లాస్కులో పోసి, ఆమె ముందు పెట్టాను. ఎనిమిదేళ్ల నాటి బాకీ అది. గుర్తొస్తుందేమోనని ఆమె మొహం చూస్తున్నాను.

ఆమె నవ్వింది. "మీకింకా యాదికున్నదా సార్? నేను శాన మందికి చెప్పిన."

"ఏం చెప్పావు?"

"ఫస్ట్ రోజు. పొద్దున నాలుగింటికి ఊరి నుంచి బస్సెక్కిన, ఏం తినలే. డిపార్ట్‌మెంట్ల ఒక్కరు పలకరించలే. చాయ్ ఏడ దొరుకుతదని అడిగితే మీరు ఒక్క మాట మాట్లాడకుంట ఫ్లాస్కు గుంజుకొని, గంత ఎండల పోయి తెచ్చి ఇచ్చిన్రు. సార్ అని తెల్వక అన్నా అన్న. తర్వాత తెలిసి సిగ్గయింది. పెద్ద సారు అయ్యుండి నా కోసం పోయి తెచ్చిండు అని మా అమ్మకు గూడ చెప్పిన."

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాను. మూత అప్పటికే బిగిసి ఉంది.

తర్వాత ఆమె పెట్టె విప్పింది. ప్రతి కవర్ మీద నా చేతిరాతలో రెండు తూకాలు, తేడా, తూచిన తేదీ ఉన్నాయి. నాలుగైదు చూసేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"ఇవి తూచిన్రా? ఎప్పుడు సార్ ఇది?"

"మీటింగ్‌కు ముందు ఆదివారం."

"ముందా?"

"ముందే."

కింద రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె కవర్లను ఒకదాని మీద ఒకటి సర్దింది. అంచులు కలిసేదాకా సర్దుతూనే ఉంది.

"పొయ్యి పొగ అని నా థీసిస్‌ల నా చేత్తోనే రాసిన సార్" అంది.

నేను బిస్కెట్ల సంగతి చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. ఆమె మొహం చూసి ఆగిపోయాను.

"ఒక కాగితం రాసిస్తరా? ఇవి ఎట్ల రద్దయినయో. ఒక్క పేజీ చాలు సార్" అంది. "ఒక్క" అన్న మాట నొక్కి పలికింది. నా సంగతి ఆమెకు బాగానే తెలుసు.

రాశాను. యంత్రం దుమ్ము వల్ల ఆగింది. ఆ సంగతి యంత్రం చూసుకున్నావిడ నాకు అప్పుడే చెప్పింది. ఆరు గంటల నియమం నాది, దాన్ని అడ్డుపెట్టుకుని ఆ రోజులను తీసేసింది నేను. తప్పు నాది. నాలుగు వాక్యాలు, సంతకం. ఇరవై ఏళ్లుగా నేను రాసిన వాటిలో ఇంత చిన్నది లేదు. ఆమె గోడ మీది క్యాలెండర్ చూసి దగ్గరకు వెళ్లి చదివింది. అది కూడా అడిగింది. మేకు నుంచి తీసి చుట్టి ఇచ్చాను. పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటే "నెమ్మదిగా, అంచులు నలుగుతాయి" అన్నాను. "తెల్సు సార్" అంది. వెనక్కి తిరగలేదు.

ఇల్లు మళ్లీ ఎప్పటిలా అయింది. క్యాలెండర్ ఉన్నచోట గోడ తెల్లగా ఉంది, చుట్టూ తార్నాక దుమ్ము. మంచం మీద కూర్చుని ఫోన్ తీసి ఆ నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది. ముందు దగ్గు వినబడింది, తర్వాత గొంతు.

"ఎవరు?"

"నేనమ్మా. యూనివర్సిటీ నుంచి. మిషన్ పెట్టిన సార్‌ని."

"ఏంది సార్, ఇన్నొద్దులకు. మళ్ల ఎన్ని గంటలు నడిచిందని అడుగుతరా?"

"లేదమ్మా. నాలుగు గంటలు చాలు. నువ్వు పంపినవన్నీ చెల్లుతాయి. అది చెబుదామని చేశా."

ఫోన్‌లో లారీ ఒకటి దగ్గరగా వచ్చి, దాటి, దూరమైంది. వెనకే ఇంకోటి. ఆ మోత తగ్గేదాకా ఇద్దరం ఆగాం.

"గా మాట గప్పుడే అనకపోతిరి సార్" అంది.

అని, దగ్గు వస్తోందని పెట్టేసింది.